జలపటంలో చీమలు

దేశం మొత్తం ఒక పాత గిడ్డంగిలో సరిపోయింది.

దొరల కాలంలో కరువు పడ్డప్పుడు, రోడ్డుకు కంకర కొట్టే కూలీలకు గింజలు కొలిచి పోయడానికి కట్టిన గిడ్డంగి అది. గోడలు రెండు మూరల మందం. కిటికీలు ఎత్తున, చిన్నవి. స్వాతంత్ర్యం వచ్చాక కొన్నేళ్లు వేరుశనగ బస్తాలకూ, ఎన్నికలప్పుడు బ్యాలెట్ పెట్టెలకూ చోటిచ్చింది. ఇప్పుడు అందులో ఇరవైనాలుగు గాజు తొట్లు ఉన్నాయి. ఒక్కొక్క తొట్టి ఒక్కొక్క ప్రాంతం. ఒకటోది రాజధానీ, రేవు పట్టణాలూ, ఏడోది డెల్టా, పన్నెండోది బొగ్గు గనుల సీమ. పడమటి గోడ పక్కన, అన్నిటికంటే అడుగున నీళ్లున్న పందొమ్మిదోది ఈ గిడ్డంగి నిలిచి ఉన్న మెట్ట జిల్లా. తొట్లను కలుపుతూ నేల మీదా నేల కిందా రాగి గొట్టాలు, గొట్టానికొక విద్యుత్ కవాటం. ధాన్యం, బొగ్గు, కూలీల చెమట, పన్నులు, పెట్టుబడి, దేశంలో ఒకచోటి నుంచి మరొకచోటికి కదిలేదంతా ఇక్కడ నీరై కదిలేది. దీనికి జలపటమని పేరు పెట్టారు.

యంత్రాన్ని ఈ జిల్లాకు తేవడానికి కారణం ఇక్కడి కరువే. గాలిలో తేమ ఉంటే విద్యుత్ సంధులు చిలుము పడతాయి. ఇంత పొడిగాలి దేశంలో మరెక్కడా దొరకదని నిపుణులు నివేదించారు. వాన లేకపోవడం ఒక జిల్లాకు అర్హతగా పరిగణనలోకి వచ్చిన సందర్భం బహుశా అదొక్కటే.

జలపటం కేంద్రానికి అధిపతి డాక్టర్ శేషశయనం ఈ జిల్లాలోనే పుట్టాడు. ఆర్థిక చరిత్ర చదివి, విశ్వవిద్యాలయంలో కొంతకాలం పాఠం చెప్పి, మనుషులతో మాట్లాడటంకన్నా గణాంకాలతో మాట్లాడటం తేలికని తెలుసుకున్నవాడు. పెళ్లి చేసుకోలేదు. బడిపంతులమ్మగా పదవీ విరమణ చేసిన అక్క ఆండాళమ్మ గిడ్డంగి వెనకాల క్వార్టర్సులో ఆయనకు వండిపెడుతూ ఉండేది. యంత్రాన్ని నడిపే ఇంజనీరు మస్తాన్‌వలి పక్క తాలూకావాడు, ముప్పై ఏళ్లు, గొట్టంలో గాలిబుడగ చేరితే చెవి ఆనించి చెప్పగలిగేవాడు.

యంత్రాన్ని నమ్మడానికి ముందు దానికి గతాన్ని అప్పజెప్పారు. వందేళ్ల వానలు, పంటలు, రైలు సరుకులు, శిస్తులు కవాటాలకు ఎక్కించి నడిపితే, ఏ తొట్టి ఏ ఏడు అడుగంటాలో ఆ ఏడే అడుగంటాలి. మొదట్లో కొన్ని తొట్లు మొండికేశాయి. యంత్రాన్ని రూపొందించిన పెద్ద ప్రొఫెసరు అక్కడక్కడా సన్నని సవరణ గొట్టాలు బిగించి వాటిని దారికి తెచ్చాడు. సవరణలు లేని నమూనా లోకంలో ఉండదు. ఆ తరవాత జలపటం తప్పు చెప్పలేదు. దొరల కాలపు ధాత కరువు వచ్చిన ఏడు పందొమ్మిదో తొట్టి గాజు అడుగు కనిపించేదాకా ఎండిపోతుంటే, చూస్తున్నవాళ్లు లేచి నిలబడ్డారట. తరవాత ప్రొఫెసరు పోయాడు. యంత్రం వర్తమానంలోకి వచ్చి, ఎక్కడ ధాన్యం ముందు నిండుకుంటుందో, రేవుల్లో ఎన్ని గోధుమ ఓడలు దిగవలసి వస్తుందో ముందే చెప్పసాగింది. చెప్పినట్టే జరిగింది.

వరుసగా వానలు తప్పి, రూపాయి విలువ తగ్గించి, పంచవర్ష ప్రణాళికలకే దేశం సెలవు ప్రకటించిన రోజులవి. ఉన్న కొద్దిపాటి పెట్టుబడినీ అన్నిచోట్లా చల్లితే ఎక్కడా మొలవదని జాతీయ వనరుల మండలి తేల్చుకుంది. ఏ ప్రాంతాన్ని వదులుకుంటే మిగిలినవి బతుకుతాయో చెప్పమని జలపటాన్ని అడిగింది. మూడుసార్లు నడపాలి, మూడూ ఒకటే చెబితే దాన్నే అమలు చేస్తారు. వదులుకోవడమంటే కాలువ రాదు, కరెంటు తీగ రాదు, విత్తనాలు రావు. మనుషులను రైళ్లలో కర్మాగారాల ఊళ్లకు తరలిస్తారు.

మొదటిసారి నడిపినప్పుడు యంత్రం పందొమ్మిదో కవాటం మూసింది. రెండోసారీ అదే. పోసినంతా పోతోంది, తొట్టిలో నిలవడం లేదు. కవాటం మూయగానే మిగిలిన తొట్లలో నీరు వేలెడు పైకి లేచింది.

"మన ఇల్లు మనమే కూల్చుకునే గునపం మన చేతికే ఇచ్చినారు సార్," అన్నాడు మస్తాన్‌వలి.

శేషశయనం కళ్లజోడు తీసి తుడుచుకుని, "ఇంకొకసారి ఉంది," అన్నాడు. ఆశతో అన్నమాట కాదది. మూడోది మిగిలి ఉంది కాబట్టి అన్నాడు.

*

జలపటానికి మామూలు నీళ్లు పనికిరావు. మట్టి, ఉప్పు ఏమున్నా లెక్క చెడుతుంది. రైలు ట్యాంకరులో వచ్చిన నీటిని బొగ్గు పొయ్యి మీద ఆవిరి చేసి, చల్లార్చి, సన్నమూతి అల్యూమినియం క్యాన్లకు పట్టేవారు. యంత్రానికి పోగా మిగిలినది పారబోయడానికి ఆండాళమ్మకు మనసు రాలేదు. కిలోమీటరు దూరంలో గుండ్లకుంట ఊరు. అక్కడి బావి చైత్రంలోనే బురద తేలింది. ఆమె తమ్ముణ్ణి అడిగింది. ఆయన ఏదో చదువుకుంటూ తల ఊపాడు. అంతటితో అనుమతి అయింది.

సాయంత్రం గేటు దగ్గరికి ఆడవాళ్లు వచ్చేవారు. ముందు ఓబులమ్మ. నలభై ఏళ్ల మనిషి, గొంతు మాత్రం ఊరంత.

"ఒగ క్యాను పోయించు తల్లీ. సామి అరిస్తే నా పేరు చెప్పు."

"వాడు అరవడం నేను పుట్టి చూడలేదు. క్యాను మాత్రం పొద్దునకంతా ఇచ్చేయల్ల. ప్రభుత్వం వస్తువ అది."

"ఇయ్యకుండా నెత్తిన పెట్టుకోని పోతామా?" ఓబులమ్మ దోసిట్లో కాసిని పట్టి తాగి మొహం చిట్లించింది. "సప్పగుండాయి తల్లీ. ఏమి నీళ్లివి?"

"కాచి ఆవిరి పట్టిన నీళ్లు. వీట్లో మట్టీ ఉప్పూ ఏమీ ఉండవు."

"ఏమీ లేకపోతే అవి నీళ్లెట్లయితాయి?"

వెనకున్నవాళ్లు నవ్వారు. ఆండాళమ్మా నవ్వింది. కిటికీ దగ్గర చదువుకుంటున్న శేషశయనానికి ఆ నవ్వు వినిపించింది. యంత్రం నడిచిన రెండు పరుగుల ఫలితం ఆయన బల్ల మీద ఉంది. ఆ నవ్వేవాళ్లకు దాని సంగతి తెలియదు. ఆయన లేచి కిటికీ మూశాడు.

*

మూడో పరుగు సగంలో ఉండగా ఒక ఉదయం మస్తాన్‌వలి పరుగెత్తుకుంటూ క్వార్టర్సుకు వచ్చాడు. ఆండాళమ్మ ఇస్తున్న కాఫీ గ్లాసు అందుకోవడం కూడా మరిచిపోయాడు.

"సార్, పందొమ్మిది లేస్తాండాది సార్!"

ఇద్దరూ గిడ్డంగిలోకి వెళ్లారు. ప్రతి తొట్టిలోనూ రెండు కడ్డీలు మునిగి ఉంటాయి. వాటి మధ్య పారే విద్యుత్తును బట్టి తొట్టిలో ఎంత ఉందో యంత్రం తెలుసుకుంటుంది. తెలుసుకున్నదాన్ని బట్టి కవాటాలు తెరుస్తుంది, మూస్తుంది. పందొమ్మిదో తొట్టి ముల్లు ఎప్పుడూ లేనంత కుడికి వాలి ఉంది. కవాటం బార్లా తెరుచుకుని ఉంది. కంటికి కనబడేలా నీరు పైకి వచ్చింది.

శేషశయనం చాలాసేపు దాని ముందు నిలబడ్డాడు. నాలుగో వంతు నిండిన ఆ తొట్టి ఆయనకు వింతగా కనిపించింది. ఆ జిల్లా గురించి చదివిన పుస్తకాలన్నిటిలోనూ అది ఒక్కసారైనా నిండలేదు.

మధ్యాహ్నం భోజనంలో ఆయన మారు వడ్డించుకోవడం చూసి ఆండాళమ్మ, "ఏమిరా శేషూ, ఈ రోజు నీకు నాలుక మొలిచిందా? ఉప్పు తక్కువైందని కూడా అన్లేదే," అంది.

"అక్కా, మన జిల్లా బతికేటట్టుంది."

"ఇన్నాళ్లూ బతికే ఉండాదనుకుంటి నేను."

ఆయన ఢిల్లీకి ట్రంకు కాల్ పెట్టాడు. మండలి కార్యదర్శి వామనరావు విశ్వవిద్యాలయంలో ఆయనతో కలిసి చదివినవాడు; గోదావరి జిల్లా మనిషి; ఏ చెడ్డకబురైనా వేళాకోళంగానే చెప్పగలడు.

"ఏంటోయ్, మూడోది అడ్డం తిరిగిందా?" తీగలో గొంతు గరగరలాడింది. "నీ సొంతూరని కాస్త ఎక్కువ పోశావా ఏంటి? సరేలే, పరుగు పూర్తవ్వనీ. నేనే వచ్చి చూస్తాను. అది గనక నిజమైతే, మీ జిల్లా కాలువ ఫైలు మీద నేనే సంతకం పెట్టిస్తాను."

శేషశయనం ఫోను పెట్టేశాక కూడా కొంతసేపు దాని మీద చెయ్యి ఉంచి కూర్చున్నాడు.

*

చీమలు ఆ వారంలోనే వచ్చాయి.

ఎర్రచీమలు. పడమటి గోడ పగులులోంచి బయలుదేరి, ఇనుప కాళ్లు ఎక్కి, పందొమ్మిదో తొట్టి అంచున బారు తీరాయి. మిగిలిన ఇరవైమూడు తొట్ల దగ్గరా ఒక్కటీ కనబడలేదు. ఆవిరిపట్టిన నీటిలో చీమకు కావలసినది ఏముంటుంది? శేషశయనం వేలు ముంచి నాలుకకు రాసుకున్నాడు. అనుమానం తీరక మరోసారి రాసుకున్నాడు.

పందొమ్మిదో తొట్టి పడమటి ఎండ పడేచోట ఉంది. ఆవిరైనంత నీరు రోజూ ఉదయం ఒక క్యానుతో దానికి కలపడం మామూలు. గుండ్లకుంట నుంచి తిరిగివచ్చిన క్యాన్లను మళ్లీ నింపి మస్తాన్‌వలి ఆ పనికి వాడుతున్నాడు, మిగిలినవి మూత తీయకుండా భద్రంగా ఉంటాయని. శేషశయనం అప్పుడే వచ్చిన ఒక క్యాను అందుకుని తలకిందులు చేసి అరచేత్తో తట్టాడు. సన్నమూతిలోంచి గోధుమరంగు పలుకొకటి జారి నేల మీద పడింది.

బెల్లం.

ఆయన దాన్ని అరచేతిలో పెట్టుకుని క్వార్టర్సుకు వెళ్లాడు. వాకిట్లో ఆండాళమ్మతో పాటు ఓబులమ్మ కూడా ఉంది. ఆయన చెయ్యి చాపాడు.

"బెల్లం," అంది ఆండాళమ్మ, ఆయనకు తెలియదేమోనని.

"ఇది క్యానులో ఎవరు వేశారు?"

"మేమే పెడితిమి సామీ," అంది ఓబులమ్మ. "ఏమి, చీమలు పట్టిన్యా? ఊరికే కొసరంత. ఈ ఏడు అంతకన్నా యాడ తెచ్చేది?"

"ఎందుకు పెట్టారు?"

ఓబులమ్మ ఆ ప్రశ్న అర్థం కానట్టు ఆండాళమ్మ వైపు చూసింది. ఆండాళమ్మే జవాబిచ్చింది.

"ఎందుకేమిరా? ఇంకొకరింటి గిన్నె ఎవరైనా ఉత్తదిస్తారా? అమ్మ మజ్జిగ చెంబు తిరిగి పంపేటప్పుడు నాలుగు పసుపుకొమ్ములైనా వేసి పంపేది కాదా? నువ్వే మోసినావు గదా ఎన్నోసార్లు."

"రోజూనా?"

"క్యాను రోజూ తీసుకుంటిమి గదా సామీ," అంది ఓబులమ్మ. ఆ తరవాత మెల్లగా, "తప్పాయనా?" అని అడిగింది.

"లేదమ్మా," అని శేషశయనం లోపలికి వెళ్లిపోయాడు.

బెల్లంలోని లవణాలు నీటిలో కరిగి, కడ్డీల మధ్య విద్యుత్తు ఎక్కువగా పారింది. ఆ జిల్లాలో సంపద ఉందని యంత్రం అనుకుంది. ఉందనుకున్న చోటికి ఇంకా పంపింది. పంపినందువల్ల తొట్టి నిజంగానే నిండసాగింది. ఆయన జీవితమంతా చదివిన ఆర్థిక చరిత్రలో పెట్టుబడి నడిచిన తీరు సరిగ్గా ఇదే. కాని అందుకు ఒక జిల్లాకు బెల్లం పలుకు చాలునని ఏ పుస్తకంలోనూ లేదు.

*

మస్తాన్‌వలి తన వాదన ముందే తయారుచేసుకుని ఉన్నాడు.

"చీమల సంగతి మనిద్దరికే తెలుసు సార్. గుడ్డ పెట్టి తుడిచేస్తా. మూడో పరుగు ఉన్నదున్నట్టు పంపిద్దాం."

"ఉన్నదున్నట్టు పంపడమంటే చీమలతో సహా పంపడం."

"కాలువ వస్తాది సార్. మా నాయన ఆ కాలువ మాట చెప్తా చెప్తా పోయినాడు."

"వచ్చే ఏడు యంత్రం మళ్లీ నడుస్తుంది. మంచినీళ్లతో నడుస్తుంది. అప్పుడు మళ్లీ మూస్తుంది, సగం తవ్విన కాలువను. సగం తవ్వినవి మన దేశంలో ఇప్పటికే చాలా ఉన్నాయి, మస్తాన్." ఆయన గొంతులో కోపం లేదు. వినేవాడికి అదే ఎక్కువ కష్టంగా ఉంది. "తొట్లన్నీ కడిగి మళ్లీ నడుపుదాం."

నీళ్లు ఎవరూ పారబోయని కాలం. ఏ తొట్టి నీరు ఆ తొట్టి డ్రమ్ములోకి పట్టి, డ్రమ్ము మీద సున్నంతో తొట్టి అంకె వేసి వెనక వరండాలో ఉంచడానికి ఏర్పాటు చేశారు, తీరికగా మళ్లీ ఆవిరి పట్టవచ్చునని. పందొమ్మిదో తొట్టిని ఖాళీ చేయబోతుండగా శేషశయనానికి చీమల మరో వరుస కనిపించింది. తొట్టి ఎక్కే వరుస వేరు. ఇది తొట్టి అడుగు నుంచి దిగి, గొట్టం సందులో తడి ఉన్నచోటల్లా ఆగుతూ, నేల మీద పరిచిన చెక్కల కిందికి పోతోంది.

"ఇక్కడ గొట్టమేమిటి?"

"పెద్ద ప్రొఫెసరుగారి సవరణ గొట్టం సార్. నేను చేరేనాటికే ఉండాది."

చెక్కలు లేపారు. చిటికెనవేలంత గొట్టం; కవాటం లేదు. చీమలు దాని వెంట నడిచాయి, ఇద్దరు మనుషులు చీమల వెంట నడిచారు. ఏడో తొట్టి కిందుగా, పన్నెండో తొట్టి పక్కగా, గిడ్డంగి అడ్డంగా పోయి, ఆ గొట్టం ఒకటో తొట్టి అడుగున కలిసింది. అక్కడ బిగింపు దగ్గర చెమర్చిన తడి చుట్టూ చీమలు మూగి ఉన్నాయి. శేషశయనం ఒకటో తొట్టి నీరు నాలుకకు రాసుకున్నాడు. ఎండ పడని నీడలో, ఏ క్యానూ కలపని, ఏ చేయీ బెల్లం వేయని ఆ తొట్టి, కొత్త నీరు చేరి పలచబడిన పందొమ్మిదికంటే తియ్యగా ఉంది.

ఒకటో తొట్టి మీద 'రాజధాని, రేవులు' అని తెల్లరంగుతో రాసి ఉంది. ఆ రంగు కింద పాత అక్షరాలు ఇంకా చదవడానికి వీలుగానే ఉన్నాయి: 'రేవులు, లండన్.' గతాన్ని నడిపినప్పటి పేరది. వర్తమానంలోకి వచ్చినప్పుడు పెయింటరును పిలిచి పేరు మార్పించారు. గొట్టం సంగతి ఎవరికీ తట్టలేదు.

ఆయన నేల మీదే కూర్చున్నాడు. ధాత కరువు నాడు ఈ సీమలో మనుషులు చనిపోతుంటే ఇక్కడి గింజలు ఎడ్లబండ్లెక్కి, రైలెక్కి, ఓడలెక్కి పోయాయి. ఆ రికార్డులను స్వయంగా చదివినవాడు ఆయన. కొంత ఈ గిడ్డంగిలో మూట కట్టినదే. మొదటి పరీక్షలో పందొమ్మిదో తొట్టి ఎండవలసిన ఏడు ఎండకపోవడానికి కారణం అదే: పండినది లెక్కలో ఉంది, పోయినది లెక్కలో లేదు. ప్రొఫెసరు ఒక గొట్టం బిగించి పోయేదాన్ని పోనిచ్చాడు. లెక్క కుదిరింది. కుదిరిన లెక్కను మళ్లీ ఎవరూ విప్పి చూడరు.

"మస్తాన్, దీనికి బిరడా పెట్టు."

*

నాలుగో పరుగు స్వచ్ఛమైన నీటితో, ఆ ఒక్క గొట్టం మూసి నడిపారు. పందొమ్మిదో తొట్టి నిండలేదు. ఎండనూ లేదు. అడుగు నుంచి జానెడు ఎత్తున నిలిచి, వానలున్న ఏడు కాస్త లేచి, లేని ఏడు కాస్త తగ్గి, ఒక పేదింటి కుండలాగా తన మట్టుకు తాను ఉంది. ఒకటో తొట్టిలో మాత్రం నీరు నాలుగు వేళ్లు దిగింది.

వామనరావు జీపు దిగి, దుమ్ము దులుపుకుని, ఆండాళమ్మ ఇచ్చిన మజ్జిగ రెండు గ్లాసులు తాగి, అన్నీ విన్నాడు. చీమల కథకు పొట్ట పట్టుకుని నవ్వాడు. గొట్టం కథకు నవ్వలేదు.

"ఒక్క సంగతి చెప్పవోయ్. ఆ గొట్టం మూసి పాత వందేళ్లూ నడిపితే నీ యంత్రం సరిగ్గా చెబుతుందా?"

"చెప్పదు. ఆ వందేళ్లూ గొట్టం తెరిచే ఉంది."

"మరి గతాన్నే తప్పు చెప్పే యంత్రం రేపటిని ఒప్పు చెబుతుందని మండలిలో నేనెలా చెప్పను? మొదటి రెండు పరుగులూ చరిత్రతో సరిపోయిన యంత్రానివి. మూడోది బెల్లం. నాలుగోది నీ అభిప్రాయం."

"అభిప్రాయం కాదు. ఇక్కడ పండిన వేరుశనగకు నూనె మిల్లు ఇక్కడ లేదు. ఇక్కడి కుర్రవాళ్లకు పని ఇక్కడ లేదు. పోవడం ఇవాళా జరుగుతోంది, నేను కాదనను. కాని అది వాన పడకపోవడం లాంటిది కాదు, వామనా. మూయడానికి వీలున్నది. పందొమ్మిదికి ఇవ్వాలా మానాలా అని మాత్రమే మనం యంత్రాన్ని అడిగాం. దాని దగ్గర తీసుకోవడం ఆపితే ఏమవుతుందని ఒక్కసారీ అడగలేదు."

"ఆపితే ఒకటోది నాలుగు వేళ్లు దిగుతుంది. నువ్వే చూశావుగా." వామనరావు గ్లాసు కింద పెట్టాడు. ఇప్పుడు అతని గొంతులో వేళాకోళం లేదు; అలసట ఉంది. "ఆ నాలుగు వేళ్ల మీదేనోయ్ మేమంతా కూర్చుని ఉన్నది. ఆ కాగితం కింద సంతకం పెట్టేవాడు ఎవడు? నేనా? చీమల సంగతి చెప్పకుండా మూడోది పంపి ఉంటే ఏదో ఒకటి చేసేవాణ్ణి. నిజం చెప్పి నా చేతులు కట్టేశావు."

జీపు వెళ్లిపోయాక ఆండాళమ్మ గ్లాసులు తీస్తూ అడిగింది: "మూడోది పంపించకపోతివి. ఎందుకురా?"

"అది అబద్ధం అక్కా."

"బెల్లం అబద్ధమా?"

"యంత్రంలో దానికి గొట్టం లేదు," అన్నాడు శేషశయనం. తన జవాబు తనకే జవాబుగా తోచలేదు.

*

ఉత్తర్వు వానాకాలంలో వచ్చింది, వాన లేకుండా. పందొమ్మిదో కవాటం మూస్తున్నారు. కాలువ సర్వే రాళ్లు ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. తరలింపు గుండ్లకుంటతో సహా ఏడు ఊళ్లతో మొదలవుతుంది. మూసిన జిల్లాలో కేంద్రం నడపడం నియమాలకు విరుద్ధం కనుక జలపటాన్ని కూడా విప్పి వేరేచోటికి తీసుకుపోతారు. మస్తాన్‌వలికి దానితోపాటు బదిలీ. శేషశయనానికి ముందస్తు పదవీ విరమణ. రైలు ట్యాంకరు ఆ వారమే ఆగిపోయింది. బొగ్గు అంతకుముందే అయిపోయింది.

వెనక వరండాలో సున్నపు అంకెలు వేసిన డ్రమ్ములు మాత్రం మిగిలాయి.

"ఈ నీళ్లేం చేద్దాం సార్?" అన్నాడు మస్తాన్‌వలి, పెట్టెలకు మేకులు కొడుతూ.

"గేటు తెరువు."

ఆడవాళ్లు వచ్చారు. దేశాన్ని బిందెలకూ క్యాన్లకూ ఎత్తుకున్నారు. డెల్టాను ఒకరు, బొగ్గు గనులను మరొకరు, ఉత్తరాది గోధుమ చేలను ఇద్దరు పంచుకుని. సగం మంది మూటలు కట్టుకుని ఉన్నారు, రైలు మరునాడే. ఓబులమ్మ చివరన వచ్చి, ఎవరూ ముట్టని డ్రమ్ము ముందు ఆగింది.

"ఇది యా ఊరిది సామీ?"

"రాజధానిది."

"అబ్బో!" ఆమె దోసిట పట్టి కాసిని తాగింది. కళ్లు పెద్దవి చేసి మళ్లీ తాగింది. "రవంత పులిసినాయి గానీ, తియ్యగుండాయి తల్లీ ఈ నీళ్లు!" అని ఆండాళమ్మ వైపు తిరిగి నవ్వింది. "వాళ్ల నీళ్లు గదా మరి, తియ్యగా ఉండవా?"

ఆండాళమ్మ తమ్ముడి వైపు చూసింది. శేషశయనం డ్రమ్ము వంచి ఓబులమ్మ క్యాను నింపాడు.

"క్యాను ఇంక నీ దగ్గరే ఉంచుకో ఓబులమ్మా," అంది ఆండాళమ్మ. "మేమూ పోతాండాము."

"మీ వస్తువ మాకెందుకు తల్లీ? రైలెక్కే ముందు ఇచ్చిపోతాం."

మరునాడు ఆయన గేటు దగ్గరికి వచ్చేసరికి రోడ్డు మీద ఎవరూ లేరు. రైలు కూత అప్పటికే వినిపించి ఆగిపోయింది. గేటు పక్కన, ఎండ తగలకుండా గోడ నీడలో, క్యాను నిలబెట్టి ఉంది. శేషశయనం మూత తీయలేదు, తలకిందులు చేయలేదు. పిడి పట్టుకుని పైకి ఎత్తాడు. ఖాళీ క్యాను బరువు ఎంతో ఆయన చేతికి బాగా తెలుసు. అంతకంటే కొంచెం ఎక్కువే ఉంది.